అక్క మాట, నా నోట

ఆ ఎండాకాలం మేం వేరు కాపురం పెట్టాల్సింది. బీరంగూడలో రెండు గదుల కిరాయి ఇల్లు చూసి వచ్చాం. వంటగదికి పెద్ద కిటికీ ఉంది, నీళ్లకు ఇబ్బంది లేదు. ఉగాది దాటాక మంచిరోజు చూసి పాలు పొంగిద్దామని మా ఆయన నిఖిలేష్ ఒప్పుకున్నాడు. ఆయన్ని ఒప్పించడానికి నాకు ఏళ్లు పట్టింది.

వేరు పోవాలనుకోవడానికి కారణం మా తోడికోడలు విమలక్క. ఇస్నాపూర్ చౌరస్తా నుంచి పాశమైలారం కంపెనీల వైపు పోయే రోడ్డు మీద మా కిరాణా దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. దుకాణం పేరుకే మా బావ కాశీనాథ్‌ది, దాన్ని నడిపేది అక్క నోరు. బావ కాంటా దగ్గర కూర్చుని తూచేవాడు, పొట్లం కట్టేవాడు, అంతే. షిఫ్టు వదలగానే బీహార్ పిల్లలూ ఒడిశా పిల్లలూ గుంపుగా వచ్చి పడితే అక్క ఒకడితో హిందీలో బేరమాడుతూ, ఇంకొకణ్ని తెలుగులో కోప్పడుతూ, మధ్యలో తలెత్తి "స్నేహలతా! కుక్కర్ దించినవా లేదా?" అని కేకేసేది. అవతల బస్సు కోసం నిలబడ్డవాళ్లు కూడా తలతిప్పి చూసేవాళ్లు. నేను ఆ రోజు కూరలో ఉప్పు మరిచిపోతే ఆ సంగతి రోడ్డంతటికీ తెలిసేది. నేను వేరు పోదామన్నది అందుకే.

దీపావళి తర్వాత ఆమె మాట కొంచెం మందమైంది. దవడ పన్ను తీయించుకుంది, దానివల్లేననుకున్నాం. చలి తగ్గేసరికి నా పేరు చివరి అక్షరాలు పలకడం మానేసింది. "స్నే" అని మొదలుపెట్టి మిగతాది గొంతులోనే నలిపేసేది. అలసిపోతోందనుకున్నాం. అప్పటికి ఎవరికీ భయం పుట్టలేదు.

భయం పుట్టిన రోజు నాకు బాగా గుర్తుంది. పొద్దున చక్కెర కోసం కిందికి దిగాను. మొదటి షిఫ్టుకు వెళ్లేవాళ్లు గల్లా ముందు మూగి ఉన్నారు. వాళ్లలో బాపిరాజు అని ఒక కంపెనీ సూపర్‌వైజర్, మాకు పాత గిరాకీ. ఏదో అడిగాడు. అక్క ధర చెప్పింది. అతనికి అర్థం కాలేదు. మళ్లీ చెప్పింది, అదీ అర్థం కాలేదు. అతను బొటనవేలు నోటి దగ్గర పెట్టుకుని నవ్వాడు.

"ఏందక్కా, పొద్దుపొద్దున్నే మొదలువెట్టినవా?"

అందరూ నవ్వారు. వెనక నుంచి ఒక పిల్లవాడు "దీదీ పీ కే ఆయీ హై క్యా?" అన్నాడు. ఇంకొక రోజైతే అక్క ఆ బాపిరాజును నిలబెట్టి కడిగేసేది. ఆమె నోరు తెరిచింది. లోపల నాలుక కదలాల్సినంత కదల్లేదు. లావాటి శబ్దం ఒకటి వచ్చింది, దాంతో పాటు పెదవి చివర నుంచి లాలాజలం గల్లా మీద పడింది. కొంగుతో గబగబా తుడిచేసింది. పొట్లానికి దారం చుడుతున్న బావ చెయ్యి ఆగిపోయింది, కానీ ఆయన తలెత్తలేదు.

అక్క నా వైపు తిరిగి ఏదో అన్నది. అక్కడున్న ఎవరికీ అది మాటలా వినపడలేదు. నాకు వినపడింది.

నేను బాపిరాజుతో అన్నాను: "మా అక్క తాగలేదన్నా. నాలుకకు ఏదో అయింది. నువ్వు రోజూ తాగివస్తే ఆమె ఎన్నడన్న నవ్విందా అని అడుగుతున్నది."

అతని మొహం మాడిపోయింది. అక్క తలూపింది, సరిగ్గా అదే అన్నానన్నట్టు. పెళ్లయిన నాటి నుంచి ఆమె తిట్లు విన్నదాన్ని. ఆమె వాక్యం ఎక్కడ లేస్తుందో, ఎక్కడ విరుగుతుందో నాకు తెలుసు. హల్లులు పోయినా ఆ లేవడం, విరగడం పోలేదు. ఆమె మాటను నా నోట చెప్పడం అదే మొదలు.

పటాన్‌చెరులో ఒక డాక్టరు బలానికి సూదులు వేశాడు. సంగారెడ్డిలో ఇంకొకాయన పక్షవాతమేమోనని స్కానింగ్ తీయించాడు, అందులో ఏమీ లేదు. చివరికి హైదరాబాద్‌లో నరాల డాక్టరమ్మ దగ్గరికి పంపారు. అక్క కూతురు ప్రియకు ఇంటర్ పరీక్షలు నడుస్తున్నాయి, ఆమె రాలేకపోయింది. బావకు అక్క మాటలు సగం కూడా అర్థం కావడం లేదు. అందుకని వాళ్లిద్దరితో నేను వెళ్లాను.

చేతుల్లో, తొడల్లో, నాలుకలో సన్నటి సూదులు గుచ్చి పరీక్ష చేశారు. అక్క కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఎడమచేతి పట్టు కంటే కుడిచేతి పట్టు తక్కువగా ఉందని అప్పుడే గమనించాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే కండ లోపలికి పోయి గుంట పడింది. రోజూ ఆ చేత్తోనే నాకు అన్నం వడ్డించేది, నేను ఎన్నడూ చూడలేదు.

డాక్టరమ్మ తన కుర్చీ మా దగ్గరికి జరుపుకుంది.

"అమ్మా, చెయ్యి ఎత్తాలని మీరు అనుకుంటే మెదడు ఆజ్ఞ ఇస్తుంది. ఆ ఆజ్ఞను కండ దాకా మోసే నరాల కణాలుంటాయి. మోటార్ న్యూరాన్లంటాం. మీకు అవి చనిపోతున్నాయి. కండకు ఏ జబ్బూ లేదు, కానీ కదలమని దానికి చెప్పేవాళ్లు లేకుండా పోతున్నారు. ఆజ్ఞ అందని కండ రోజురోజుకీ చిక్కిపోతుంది. ఈ జబ్బును ఏఎల్ఎస్ అంటారు. కొందరికి చేతులతో మొదలవుతుంది, కొందరికి కాళ్లతో. మీకు నాలుకతో మొదలైంది."

"తర్వాత?" అన్నాడు బావ.

"మింగడం కష్టమవుతుంది. చేతులు, మెడ, కాళ్లు. ఊపిరి తీయడం కూడా కండల పనేనండీ."

"అన్నీ పోతయా?"

"చూపు పోదు. చెవులు వినపడతాయి. తాకితే తెలుస్తుంది. ఈమెకు ఆలోచన కూడా బాగానే ఉంది." ఆ మాట మంచిమాటలా చెప్పడానికి ప్రయత్నించింది ఆమె. "ఒక మాత్ర ఉంది, కొంచెం నెమ్మది చేస్తుంది. ఆపే మందు ఇంకా రాలేదు. కొందరు చాలా ఏళ్లు బతుకుతారు. ఈమెకు మాత్రం వేగంగా నడుస్తోంది."

అక్క ఏదో అడిగింది. డాక్టరమ్మ ముందుకు వంగింది. బావ నా వైపు చూశాడు.

"నా బిడ్డకు వస్తదా అని అడుగుతున్నది మేడమ్," అన్నాను.

"ఎక్కువమందిలో ఇది వంశంలో రాదమ్మా. మీ పుట్టింట్లో ఎవరికీ లేదన్నారు కదా."

అక్క కుర్చీలో వెనక్కి వాలింది. ఆ రోజు ఆమె ఇంకేమీ అడగలేదు. డాక్టరమ్మ నన్ను చూసి "మీకెలా అర్థమవుతోంది?" అంది.

"తోడికోడల్ని మేడమ్," అన్నాను.

తిరుగు దారిలో మా ఆయన దుకాణానికి సరుకులు తెచ్చే ట్రాలీ ఆటో నడుపుతున్నాడు. పక్కన కిటికీ వైపు అక్క, ఆమెకూ ఆయనకూ మధ్య నేను. వెనక, సరుకులు పెట్టే చోట బావ ఒక్కడే కూర్చున్నాడు. అక్క బయటి అద్దం తన వైపు తిప్పుకుని నాలుక చాపి చూసుకుంది. నాలుక చర్మం కింద పురుగులు పాకుతున్నట్టు సన్నగా అదురుతోంది. ఎంతసేపు చూసుకుందో. బీరంగూడ కమాను రాగానే అద్దం వదిలేసి నా మోచేయి తట్టింది. ఇల్లు చూసి వచ్చిన సంగతి ఆమెకు తెలుసని నాకు అప్పుడే తెలిసింది.

"నువ్వు పో," అన్నది. "మీరు పోండ్రి. నాకు చేసుకుంట కూసోకు."

ఆ ఒక్కసారి నేను అర్థం కానట్టు రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను.

ఎండలు ముదిరాయి. మధ్యాహ్నాలు కంపెనీల వైపు నుంచి రసాయనాల ఘాటు వీధిలోకి దిగి, అలాగే నిలబడిపోయేది. అక్క గొంతులో ఆ ఘాటు పడితే దగ్గు ఆగేది కాదు. జావ చిక్కగా కాచి చెంచాతో పెట్టేదాన్ని. పల్చటివి ఊపిరితిత్తుల్లోకి జారతాయి, పెట్టొద్దని డాక్టరమ్మ చెప్పింది. మింగేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించుకోమంది. ఒక్కొక్క గుటకకు అక్క తలవంచి, కళ్లు మూసుకుని, బావిలోంచి బరువైన బొక్కెన తోడుతున్నట్టు మింగేది.

బావ మాత్రం డాక్టరమ్మ మాట నమ్మలేదు. నమ్మలేదనడం తప్పు, నమ్మి బతకలేకపోయాడు. బొంతపల్లి వీరభద్రుడి గుడిలో తడిబట్టలతో ప్రదక్షిణలు చేశాడు. అక్కను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాం. ఆమె ముందు నుంచి పోయిన ప్రతిసారీ ఆయన ఆమె చేతుల వైపు చూసేవాడు, ఏమైనా తేడా ఉందేమోనని. సదాశివపేట నుంచి మా మామగారి చెల్లెలు లక్ష్మీనరసమ్మ వచ్చి, హత్నూర పక్కన ఒకాయన పసరు పోస్తాడనీ, మంచాన పడ్డవాళ్లు లేచి నడుస్తున్నారనీ చెప్పింది. మరునాడే బయల్దేరాం.

ఆ వైద్యుడు ఇత్తడి గ్లాసులో ఆకుపచ్చటి పసరు తెచ్చాడు. నీళ్లలా ఉంది.

"ఒక్క గుక్కల తాగాలె. ఆగితె పనిచెయ్యది," అన్నాడు.

"పల్చటివి వద్దన్నది మేడమ్," అన్నాను నేను. "గొంతుల పోతది బావా, వద్దు."

"నువ్వు ఊకో," అంది లక్ష్మీనరసమ్మ. "పెద్ద డాక్టర్లు చేతులెత్తినంకనే గద గీడికి వచ్చింది. నీకేం తెల్సు?"

బావ గ్లాసు పట్టుకుని అక్క ముందు కూర్చున్నాడు. ఆమె ఆ పసరు వైపు చూడలేదు, ఆయన మొహమే చూసింది. తర్వాత నోరు తెరిచింది. ఆయన కోసమే తెరిచిందని నాకు తెలుసు.

మొదటి గుక్కకే పొరపోయింది. ముక్కులోంచి పసరు వచ్చింది. దగ్గడానికి కూడా కండలకు బలం కావాలని నేను ఆ రోజు నేర్చుకున్నాను. ఆమె దగ్గాలనుకుంటోంది, దగ్గు రావడం లేదు. పెదవులు నల్లబడ్డాయి. కళ్లు నన్ను వెతికాయి. ఆమె నడుం పట్టి ముందుకు వంచి, వీపు మీద కొడుతూ "అక్కా, అక్కా" అని అరిచాను. చివరికి పచ్చటి నురగ నేల మీద పడింది, వెనకే ఊపిరి ఈలలా లోపలికి పోయింది.

మిగిలిన పసరును ఆ వైద్యుడు సీసాలో పోసి ఇచ్చాడు. ఆ సీసాను బావ ఇస్నాపూర్ దాకా ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాడు. పారెయ్యమని ఎవరమూ చెప్పలేకపోయాం.

మే నెలలో మా దుకాణం ఎదురుగా కూరగాయలమ్మే శివమ్మ భర్త పోయాడు. ఒక కంపెనీలో వాచ్‌మన్, డ్యూటీలోనే ఎండకు కూలబడ్డాడు. శివమ్మకూ అక్కకూ మంచి స్నేహం. అప్పటికి అక్క నడక తడబడుతోంది, మెడ నిలబెట్టడానికి పట్టీ వేశాం. అయినా పోవాల్సిందేనంది. నేనే పట్టుకుని తీసుకెళ్లాను.

శవం వాకిట్లో ఉంది. అక్కను చూడగానే శివమ్మ ఘొల్లుమని వచ్చి మెడ చుట్టూ చేతులు వేసింది. అక్క మొహం ఏడుపుకు ముడుచుకుంది. ముడుచుకున్నది అలాగే విచ్చుకుంది. నవ్వు వచ్చింది. గట్టిగా, పైస్థాయిలో, ఆగకుండా. చుట్టూ ఏడుపులన్నీ ఆగిపోయాయి. పీనుగ ముందు ఆ నవ్వు ఒక్కటే మిగిలింది.

"ఎవ్వతే ఆమె? తోల్కపొండ్రి బయటికి!" అని శివమ్మ తమ్ముడు మీదికి వచ్చాడు.

"అది నవ్వు కాదన్నా! జబ్బు! ఆమె ఏడుస్తున్నది!" అని అరిచాను. ఎవరు వింటారు? శివమ్మ చేతులు వదిలేసి వెనక్కి జరిగింది. నేను అక్కను దాదాపు ఎత్తుకుని రోడ్డు దాటాను. మెట్ల మీద కూర్చోబెట్టినా నవ్వు ఆగలేదు. తన నోటిని తనే కొట్టుకోవాలని చెయ్యి లేపింది. ఆ చెయ్యి నోటి దాకా పోలేక ఒళ్లో పడింది. మళ్లీ లేపింది, మళ్లీ పడింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని నా చెంపకు ఆనించుకున్నాను.

డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, నవ్వునూ ఏడుపునూ అదుపు చేసే దారులు కూడా దెబ్బతింటాయనీ, లోపల ఉన్నదొకటైతే మొహం మీదికి ఇంకొకటి వస్తుందనీ చెప్పి, ఒక మాత్ర రాసింది. ఆ తర్వాత అక్క దుకాణంలోకి దిగలేదు. దిగమని మేమూ అడగలేదు.

పదకొండో రోజు దాటాక శివమ్మ తనంతట తానే మా మెట్లెక్కి వచ్చింది. మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"మా ఆయన పోయిననాడు గంతమంది ఏడ్సిన్రక్కా. ఎవ్వల మొకాలు నాకు యాదికి లెవ్వు. నీ మొకం ఒక్కటే యాదికున్నది. నవ్వుకుంట ఉంటివి, కండ్లల్లకెళ్లి నీళ్లు ధారగడుతుండె. గప్పుడు నాకు సమజ్ గాలె. ఇంటికాడ కూసున్నంక సమజైంది."

అక్కకు మళ్లీ ఆ నవ్వు వచ్చింది. శివమ్మ ఆమె తల తన భుజానికి ఆనించుకుని, "నవ్వక్కా, నవ్వు. ఎవ్వలేమనుకుంటే ఏంది," అంటూ తానూ ఏడ్చింది.

వానలు మొదలయ్యేసరికి అక్క చేతులు రెండూ ఒళ్లో వదిలేసిన వస్తువుల్లా అయ్యాయి. ఈగ వాలితే తెలిసేది, తోలలేకపోయేది. నేను మరిచిపోయి దువ్వెన గట్టిగా లాగితే నొప్పికి కళ్లు మూసేది. బలం ఒక్కటే పోయింది, బాధ ఎక్కడిదక్కడే ఉంది. మాటల్లో అచ్చులు మాత్రమే మిగిలాయి. ప్రియ గోడకు అక్షరాల పటం కట్టి వేలితో చూపిస్తూ పోతే అక్క కావలసిన అక్షరం దగ్గర కళ్లు మూసేది. అలా ఒక మాట పూర్తయ్యేసరికి ఇద్దరూ అలసిపోయేవాళ్లు. నన్ను పిలిస్తే ఆ అచ్చులతోనే పని అయిపోయేది. ప్రియకు అది బాధగా ఉండేదని నాకు తెలుసు.

"చిన్నమ్మా, నాకెందుకు సమజ్ అయితలేదు? నేను ఆమె బిడ్డను గద," అని ఒకరోజు అడిగింది. తల్లి తనతో ఎప్పుడూ మెల్లగానే మాట్లాడిందని, తిట్లన్నీ నాకే మిగిలాయని ఎలా చెప్పను?

ఒక సాయంత్రం జావ ఊపిరితిత్తుల్లోకి పోయి జ్వరం పట్టుకుంది. తెల్లారేసరికి పెదవులు నల్లబడ్డాయి. హైదరాబాద్ తీసుకెళ్లాం. మొహానికి మాస్కు బిగించి మిషన్ పెట్టారు. డాక్టరమ్మ మమ్మల్ని బయటికి పిలిచింది.

"ఊపిరి కండలు బాగా అలసిపోయాయి. గొంతు దగ్గర చిన్న రంధ్రం చేసి గొట్టం వేస్తే మిషన్ ఊపిరి తీస్తుంది. కానీ ఆ మిషన్ మీద నుంచి మళ్లీ రావడం ఉండదండీ. మిగతావి ఒక్కొక్కటిగా పోతూనే ఉంటాయి, చివరికి కళ్లు కదలడమే మిగలొచ్చు. వద్దనుకుంటే మాస్కుతో ఇంటికి పంపుతాం, ఆయాసం తెలియకుండా మందులిస్తాం. ఎన్నాళ్లని చెప్పలేను. ఆమెకు తెలివి ఉంది. ఆమెనే అడగాలి."

డాక్టరమ్మ లోపలికి పోయింది. మా ఆయనా ప్రియా వెనకే వెళ్లారు. నేను వెళ్లబోతుంటే బావ నా దారికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

మా ఇళ్లల్లో తమ్ముడి భార్యతో బావగారు మొహం ఎత్తి మాట్లాడరు. నేను కోడలిగా వచ్చిన నాటి నుంచి ఆయన నాతో నేరుగా అన్న మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అలాంటాయన రెండు చేతులూ జోడించాడు.

"అమ్మా స్నేహా. ఆమె ఏమన్నా గాని, పెట్టుమంటున్నదని చెప్పు. నీ నోట్ల ఉన్నది. నువ్వు చెప్తే డాక్టరమ్మ వింటది."

"బావా..."

"కండ్లు ఉంటయన్నది గద. చాలు నాకు. కండ్లు ఉంటే చాలు."

ఆయన కాళ్ల మీద పడతాడేమోనని నేనే వెనక్కి జరిగాను. అవునని అనలేదు, కాదని అనలేదు. తలుపు తోసుకుని లోపలికి పోయాను.

డాక్టరమ్మ అక్క పక్కన కూర్చుని, బయట మాకు చెప్పిందంతా ఏమీ దాచకుండా ఆమెకూ చెప్పింది. అక్క వింది. మాస్కు తీయమని కళ్లతో సైగ చేసింది. తీశారు. ఊపిరి అందడం లేదు, ఛాతీ పక్కటెముకల దగ్గర లోపలికి గుంజుకుంటోంది. అయినా నన్నే చూసి అన్నది. రెండే శబ్దాలు. మళ్లీ ఒకసారి అన్నది, నాకు మొదటిసారే అర్థమైనా.

అందరూ నన్ను చూశారు. బావ చేతులు ఇంకా జోడించే ఉన్నాయి.

"వద్దంటున్నది మేడమ్," అన్నాను.

"అబద్ధం!" అన్నాడు మా ఆయన. "వదినె గట్ల అనది. సాకీ సాకీ యాష్టకొచ్చిందా నీకు?"

నేను చాకిరీతో విసిగిపోయానని ఆయన అనుమానం. ఆయన మొహం చూస్తే కోపం కూడా రాలేదు. చిన్నప్పుడు తల్లి పోతే ఆయన్ని పెంచింది ఆ వదినే.

డాక్టరమ్మ చెయ్యెత్తి అందరినీ ఊరుకోమంది. అక్క మొహం మీదికి వంగింది. "విమల గారూ, అవునంటే కళ్లు మూయండి. కాదంటే తెరిచే ఉంచండి. గొట్టం పెట్టి మిషన్ మీద ఉంచాలా?"

అక్క కళ్లు తెరిచే ఉంచింది. నీళ్లు నిండి పొర్లాయి, రెప్ప మాత్రం వేయలేదు. ఎంతసేపు తెరిచి ఉంచగలదో అంతసేపూ ఉంచింది.

"వద్దా?"

మూసింది.

బావ చేతులు విడిపోయాయి. ప్రియ తల్లి కాళ్ల దగ్గర దుప్పటి సర్దింది. సర్దిందే మళ్లీ సర్దుతూ, తలెత్తకుండా, "అమ్మను ఇంటికి తీస్కపోదాం నాన్నా," అన్నది.

ముందు గదిలో, రోడ్డు కనపడే కిటికీ పక్కన మంచం వేశాం. ముక్కు నుంచి సన్నటి గొట్టం వేసి పంపారు, అందులోనే పాలూ మందులూ. లాలాజలాన్ని మిషన్‌తో లాగడం, గంట గంటకూ పక్కకు తిప్పడం బావ నేర్చుకున్నాడు. ఆయన ఇంట్లో మాట్లాడటం అప్పుడే మొదటిసారి విన్నాను. ఎవరు దుకాణానికి వచ్చారు, పప్పు బస్తా ఎక్కడ పెట్టారు, ఏ కంపెనీ బస్సు ఆలస్యమైంది, అన్నీ చెప్పేవాడు. ఒక్కోసారి మాట మధ్యలో ఆపి ఆమెను పక్కకు తిప్పి, మళ్లీ పప్పు బస్తా సంగతికే వచ్చేవాడు.

గల్లా దగ్గర నేను కూర్చున్నాను. బీరంగూడ ఇంటివాళ్లకు మా ఆయన ఫోన్ చేసి, రావడం లేదని చెప్పాడు. ఆస్పత్రిలో అన్న మాటను ఆయన మళ్లీ ఎత్తలేదు. ఒకరోజు మధ్యాహ్నం అన్నం తింటూ తింటూ కంచం మీదికి తలవంచి ఏడ్చాడు. నేను కంచంలో మజ్జిగ పోశాను.

ఆషాఢంలో ఒక పొద్దున వాన జల్లు పడుతుంటే, బావ అక్క మూతి తుడవడానికి మాస్కు తీశాడు. నేను పక్కనే బట్టలు మడతపెడుతున్నాను. ప్రియ అప్పుడే స్నానానికి వెళ్లింది. అక్క నన్ను చూసింది. ఏదో అన్నది.

మూడు శబ్దాలు. ఆ, ఎ, అ.

నాకు అర్థం కాలేదు.

"ఏందక్కా?" మంచం దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాను. మళ్లీ అదే అన్నది. లేవడం లేదు, విరగడం లేదు, మూడూ ఒకే ఎత్తులో వచ్చాయి.

"దప్పికనా?" కళ్లు తెరిచే ఉన్నాయి. "ప్రియను పిలవన్నా?" తెరిచే ఉన్నాయి. "నొప్పా? పక్కకు తిప్పాల్నా? కిటికీనా?" దేనికీ రెప్ప పడలేదు. ఇంకోసారి అనబోయింది, ఊపిరి చాలలేదు. బావ కంగారుగా మాస్కు పెట్టేశాడు. పటం తెస్తానని లేచాను. తెచ్చేసరికి అలసటతో కళ్లు మూతపడ్డాయి. నిద్ర పట్టిందనుకున్నాం. మధ్యాహ్నం షిఫ్టు బస్సులు వచ్చే వేళకు ఆ నిద్రలోనే పోయింది.

దినాలు అయ్యాక, చుట్టాలందరూ వెళ్లిపోయాక, బావ వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"ఆ పొద్దున ఆమె నీతోని ఏదో అన్నది గద. ఏమన్నది?"

పొయ్యి కట్టేశాను.

"నాకు సమజ్ కాలేదు బావా."

"ఏదో ఒకటి చెప్పినా నమ్ముతుంటిని గద అమ్మా," అన్నాడు. తర్వాత మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆ మూడు శబ్దాలను ఇప్పటికీ నోట్లో పెట్టుకుని తిప్పుతుంటాను, గల్లా దగ్గర చిల్లర ఇస్తూనో, బియ్యం కడుగుతూనో. వాటికి సరిపోయే మాటలు చాలానే దొరుకుతున్నాయి. కొన్ని బావ కోసం అన్నట్టుంటాయి, కొన్ని ప్రియ కోసం. ఒకటి రెండు నా కోసం కూడా అన్నట్టు ఉంటాయి. ఆమె అన్నది ఇదీ అని వాటిలో ఏ ఒక్కదాన్నీ నేను చెప్పలేను.